ఆ మెయిల్ మాస్టారు పంపింది కాదు, వైరస్ ఉన్నది ఆయన సిస్టమ్‌లోనూ కాదు

మీరు రాసింది కొంచెం కుదించి ముందు పెడతాను, తర్వాత చదివేవాళ్ళకు వీలుగా ఉంటుంది. కోనసీమలో మీ ఊరి హైస్కూలు పూర్వ విద్యార్థుల మెయిల్ గ్రూపు మీరే చూస్తున్నారు. నాలుగొందల పైచిలుకు సభ్యులు. మూడు వారాల కిందట మీ లెక్కల మాస్టారి పేరుతో, ఆయన మెయిల్ అడ్రస్‌తోనే, జిప్ ఫైలు తగిలించిన మెయిల్ ఒకటి గ్రూపుకు వచ్చింది. మాస్టారు పంపారు కదా అని కొందరు తెరిచారు. ఆయన తను పంపలేదన్నారు. అయినా అనుమానం ఎందుకని సిస్టమ్ షాపుకు పంపి ఫార్మాట్ కొట్టించారు, పాస్‌వర్డ్ మార్చారు. ఆ తర్వాత కూడా అదే పేరుతో ఇంకో రెండు వచ్చాయి. ఇప్పుడు కొందరు ఆయన్ని గ్రూపులోంచి తీసెయ్యమంటున్నారు. ఒకాయన సైబర్ కేసు పెడతానని కూర్చున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, నిద్ర పట్టడం లేదంటున్నారు. తీసెయ్యాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

తీసెయ్యకండి. ఆయన్ని తీసేస్తే నాలుగో మెయిల్ ఇంకొకరి పేరుతో వస్తుంది, అప్పుడు వాళ్ళనీ తీసేస్తారా? మీరు పంపిన మూడు మెయిల్స్, వాటి హెడర్లు (మెయిల్ ఏ దారిన వచ్చిందో చెప్పే లోపలి వరసలు) కూర్చుని చూశాను. మాస్టారి సిస్టమ్‌కి గానీ ఆయన జీమెయిల్‌కి గానీ ఈ గొడవతో సంబంధం లేదు. వైరస్ మూడో మనిషి దగ్గర ఉంది. ఆ మూడో మనిషి ఎవరో కూడా దాదాపుగా తేల్చవచ్చు, కింద చెబుతాను.

నేను 2001 నుంచి ఎనిమిదేళ్లు అమలాపురంలో నెట్ సెంటర్ నడిపినవాణ్ని. ఇప్పుడు భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల రైసు మిల్లులకు, రొయ్యలు ఎగుమతి చేసేవాళ్ళకు కంప్యూటర్లు, మెయిల్ చూసిపెడుతుంటాను. పేరు ఒకరిది, వైరస్ ఇంకొకరిది అనే ఈ వ్యవహారంలో నేనే ఒకసారి బోల్తా పడ్డాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

పోస్టు కవరు సంగతి తీసుకోండి. రావులపాలెంలో కవరు డబ్బాలో వేసేటప్పుడు వెనక 'పంపువారు' దగ్గర ఎవరి పేరైనా రాయవచ్చు. కలెక్టరు గారి పేరు రాసినా పోస్టుమాన్ ఆపి అడగడు. ఆయన పని ముందువైపు అడ్రస్‌కు చేర్చడం వరకే. కాకపోతే కవరు మీద రావులపాలెం పోస్టాఫీసు ముద్ర పడుతుంది. పేరు అబద్ధమాడినా ముద్ర ఆడదు. మెయిల్ కూడా అంతే. మెయిల్ ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి వెళ్ళే పద్ధతిని ఎస్‌ఎమ్‌టీపీ అంటారు. 1982లో జాన్ పోస్టల్ అనే ఆయన దాన్ని రాసిపెట్టాడు (ఇంటిపేరే పోస్టల్, ఏం చేస్తాం). అప్పటికి ఆ నెట్‌వర్కులో ఉన్నవి కొన్ని వందల కంప్యూటర్లు, చాలావరకు యూనివర్సిటీలవీ పరిశోధన సంస్థలవీ సైన్యానివీ. ఒకరి పేరు ఇంకొకరు వాడుకుంటారేమోనన్న బెంగ ఎవరికీ లేదు. అందుకే 'నువ్వు నిజంగా నువ్వేనా' అని అడిగే ఏర్పాటు అందులో పెట్టలేదు.

ఇంకో చిక్కుంది. మెయిల్‌కి పంపినవారి పేరు రెండు చోట్ల ఉంటుంది. కవరు మీద ఒకటి, కవరు లోపలి ఉత్తరం పైన ఒకటి. సర్వర్లు చూసుకునేది కవరు మీదది. మీ తెర మీద కనిపించేది లోపలిది. ఈ రెండూ ఒకటే కావాలన్న రూలు లేదు.

దీన్ని నేను నెట్ సెంటర్‌లో ఇంజనీరింగ్ కుర్రాళ్ళకు చేసి చూపించేవాణ్ని. టెల్‌నెట్ అని ఒక నల్ల కిటికీ ఉంటుంది, దాంట్లో మెయిల్ సర్వర్‌కి పాతిక నంబరు పోర్టులో తగులుకోవాలి. హెలో అని కొడితే అవతల నుంచి నమస్కారం వస్తుంది. మెయిల్ ఫ్రమ్ అని ఏదో ఒక అడ్రస్ కొడితే '250 ఓకే'. ఆర్‌సీపీటీ టు అని ఎవరికి పంపాలో కొడితే మళ్ళీ '250 ఓకే'. తర్వాత డేటా అని కొట్టి, కొత్త లైన్లో ఫ్రమ్ అని ఆ కుర్రాడి నాన్నగారి అడ్రస్, కింద 'ఈ నెల డబ్బులు పంపడం లేదు, ఇంటికొచ్చెయ్' అని ఒక వాక్యం, చివర్లో ఖాళీ లైన్లో ఒక్క చుక్క. అంతే. రెండు నిమిషాల్లో వాడి ఇన్‌బాక్సులో నాన్నగారి పేరుతో ఆ మెయిల్. ఒకడైతే నేను వాళ్ళ నాన్న పాస్‌వర్డ్ కొట్టేశాననుకుని నా మీదకే వచ్చాడు. పాస్‌వర్డ్ అడిగిన లైను ఎక్కడుందో చూపించమన్నాను. లేదు.

ఇప్పటి సర్వర్లు అంత తేలిగ్గా లొంగవు. అయినా కొత్త తాళాలన్నీ ఆ పాత తలుపుకే బిగించినవి.

మరి పేరున్నవాడిదే తప్పన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? గాలిలోంచి రాలేదు, ఒకప్పుడు అది నిజం. 1999 మార్చి 26న మెలిస్సా అనే వైరస్ వచ్చింది. వర్డ్ ఫైల్లో దాక్కుని, తెరిచినవాడి అవుట్‌లుక్ (మైక్రోసాఫ్ట్ వాళ్ళ మెయిల్ ప్రోగ్రాము) అడ్రస్ పుస్తకంలోని మొదటి యాభై మందికి అతని పేరుతోనే తనను తాను పంపుకునేది. 2000 మే 4న మనీలా నుంచి బయల్దేరిన 'ఐ లవ్ యూ' కూడా అంతే, కాకపోతే యాభైతో ఆగలేదు, పుస్తకంలో ఉన్న అందరికీ వెళ్ళింది. ఆ రెండింటి కాలంలో 'మీ పేరుతో వైరస్ వచ్చింది' అంటే 'మీ సిస్టమ్‌లో వైరస్ ఉంది' అనే అర్థం. ఫోన్ చేసి చెప్పడం మర్యాద. మన తరం వాళ్ళు ఆ పాఠం అక్కడే నేర్చుకుని అక్కడే ఆగిపోయారు.

2001 చివర్లో వచ్చిన క్లెజ్ దీన్ని తిరగేసింది. మెయిల్ పంపే ఇంజను తన కడుపులోనే పెట్టుకొచ్చింది, కాబట్టి అవుట్‌లుక్‌తో పని లేదు. పట్టిన సిస్టమ్‌లో దొరికిన అడ్రస్‌లన్నీ పోగేసి, ఒకదాన్ని పంపినవారి చోట, ఇంకోదాన్ని అందుకునేవారి చోట పెట్టేది. అంటే తునిలో ఒకాయన సిస్టమ్‌కి పడితే, ఆయన పుస్తకంలో ఉన్న మీ పేరుతో, అదే పుస్తకంలో ఉన్న నాకు వైరస్ వస్తుంది. నేను మిమ్మల్ని తిడతాను, మీరు సిస్టమ్ అంతా గాలిస్తారు, ఏమీ దొరకదు. తునిలో ఆయన హాయిగా ఉంటాడు. ఆ రకంలోనే ఒకటి 'క్లెజ్‌కి ఇదిగో మందు' అంటూ తననే పంపుకునేది, దాని తెలివికి దణ్ణం పెట్టాలి.

నేను బోల్తా పడ్డది సోబిగ్-ఎఫ్ అనే వైరస్ దగ్గర. 2003 గోదావరి పుష్కరాలు ఆగస్టు 10న ముగిశాయి, ఆ సందడిలో నెట్ సెంటర్ సరిగ్గా తెరవనేలేదు. తెరిచిన వారానికి వచ్చిపడింది. 'థాంక్యూ', 'యువర్ డీటెయిల్స్', 'వికెడ్ స్క్రీన్‌సేవర్' లాంటి సబ్జెక్టులతో మెయిళ్ళు కుమ్మరించాయి. మా సెంటర్ పేరుతో ఉన్న అడ్రస్‌కు రోజుకు వందల్లో బౌన్సులు, అంటే చేరక తిరిగొచ్చిన మెయిళ్ళు. అంతకన్నా ఘోరం, కంపెనీల గేటు దగ్గర కూర్చున్న యాంటీవైరస్‌లు 'మీరు మాకు వైరస్ పంపారు' అని మర్యాదగా ఉత్తరాలు రాసేవి. ఆ అడ్రస్ దొంగదని వాటికి తెలియదు. ఆ కంపెనీల్లో మా సెంటర్ నుంచి మెయిల్ వెళ్ళినవాడు ఒక్కడూ లేడు. అయినా నేను నమ్మాను! ఎనిమిది విండోస్ 98 సిస్టమ్‌లు, రెండు రాత్రులు, ఒక్కొక్కటీ ఫార్మాట్ కొట్టి సీడీల నుంచి మళ్ళీ ఎక్కించాను. మూడో రోజు పొద్దున చూస్తే బౌన్సులు అదే జోరు. అప్పుడు కూర్చుని హెడర్లు చదివితే, అవి బయల్దేరిన చోటు మనది కాదు, మన రాష్ట్రమే కాదు. సెప్టెంబర్ 10న తనంతట తాను ఆగిపోయేలా రాశారు దాన్ని, అలాగే ఆగింది. నా రెండు రాత్రులు మాత్రం పోయాయి.

మీ మాస్టారి ఫార్మాట్ కూడా అలా వృథాగా పోయిందే. షాపువాణ్ని తప్పుపట్టను, వాడు చెప్పిన పని చేశాడు.

ఇక మీ మూడు మెయిల్స్. జీమెయిల్‌లో మెయిల్ తెరిచి, కుడివైపు మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' అంటే హెడర్లు వస్తాయని మీకు తెలుసు, బాగానే అతికించారు. అందులో రిసీవ్డ్ అని మొదలయ్యే వరసలు పోస్టాఫీసు ముద్రలు. కింది నుంచి పైకి చదవాలి, ఎందుకంటే ప్రతి సర్వర్ తన ముద్రను పైన వేస్తుంది. అయితే ఒక జాగ్రత్త ఉంది. మీ గ్రూపు సర్వర్ స్వయంగా వేసిన ముద్ర వరకే గట్టి నమ్మకం. దాని కింద ఉన్నవి పంపినవాడు ముందే అచ్చు వేసి పెట్టుకోవచ్చు. మీ మూడింటిలోనూ మీ సర్వర్ వేసిన ముద్ర ఏం చెబుతోందంటే, ఈ మెయిల్ జీమెయిల్ నుంచి రాలేదు, చివర డాట్ బీఆర్ ఉన్న ఒక చిన్న కంపెనీ సర్వర్ నుంచి వచ్చింది. అంటే బ్రెజిల్ డొమైను. పాపం వాళ్ళ పాస్‌వర్డు కూడా ఎక్కడో పోయి ఉంటుంది. రిటర్న్ పాత్ అన్న చోట, అంటే కవరు మీద, ఆ కంపెనీ అడ్రస్సే ఉంది. లోపల ఫ్రమ్ దగ్గర మాత్రం మాస్టారు. ఆ కిందే అథెంటికేషన్ రిజల్ట్స్ అన్న లైన్లో డీమార్క్ (ఫ్రమ్ దగ్గరి పేరు నిజమో కాదో చూసే పరీక్ష) ఫెయిల్ అని మీ సర్వరే రాసుకుంది. రాసుకుని లోపలికి వదిలేసింది! గేటు దగ్గర వాచ్‌మన్ 'ఇతను దొంగ' అని పుస్తకంలో రాసి లోపలికి పంపినట్టు.

ఇక్కడి వరకు మాస్టారు కాదని తేలింది. మరి ఎవరు? మీరు చివర్లో మామూలుగా రాసేసిన ముక్క ఒకటుంది, నాకు అదే పట్టు దొరికింది. మెయిల్ కింద పాత ఉత్తరాలు అతికించి ఉన్నాయన్నారు. ఇప్పటి ముఠాలు చేసే పని అదే. 2014లో బయటపడిన ఇమోటెట్ అనే వైరస్ ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చింది. ఒకరి మెయిల్ పెట్టె మొత్తం ఎత్తుకుపోయి, అందులోని పాత సంభాషణకు జవాబులా రాసి పంపుతారు. మన మాటలే మనకు కనిపిస్తాయి కాబట్టి నమ్ముతాం. 2021 జనవరిలో చాలా దేశాల పోలీసులు కలిసి దాని సర్వర్లు పట్టుకున్నారు, ఆ నవంబర్‌కే మళ్ళీ లేచింది. పద్ధతిని మిగతావాళ్ళూ నేర్చేసుకున్నారు.

దొంగకు తెలియంది ఏమిటంటే, ఆ అతికించిన ఉత్తరమే ఎవరి పెట్టె పోయిందో చెబుతుంది. మొదటి మెయిల్ కింద ఉన్నది సంక్రాంతి కలయిక భోజనాల లెక్క. అది గ్రూపుకు వెళ్ళింది కాదు, కమిటీ ఏడుగురికే వెళ్ళింది. మాస్టారు, మీరు, కోశాధికారి, డాలస్‌లో ఉన్న మీ సీనియర్, ఇంకో ముగ్గురు. రెండో మెయిల్ కింద ఉన్నది స్కాలర్‌షిప్ చెక్కుల విషయం. అది నలుగురి మధ్య, మీరు, కోశాధికారి, తణుకులో ఆడిటర్ గారు, డాలస్ ఆయన. అందులో మాస్టారే లేరు! ఆయన చూడని ఉత్తరం ఆయన పెట్టెలోంచి ఎలా పోతుంది? మూడోది ప్రహరీ గోడ కొటేషన్. దాంట్లో మీరు లేరు, అందుకే 'ఈ కొటేషన్ సంగతి నాకే తెలియదు' అని ఆశ్చర్యపోయారు. ఉన్నది మాస్టారు, కోశాధికారి, డాలస్ ఆయన. మూడింటిలోనూ ఉన్న పేర్లు రెండే రెండు.

చేలో నీరు పోతుంటే మనవాళ్ళు ఏం చేస్తారు? నీరు తేలిన చోట మట్టి కొట్టరు. గట్టు వెంట నడుస్తూ ఎండ్రకాయ బొక్క ఎక్కడుందో వెతుకుతారు. నీరు పక్కవాడి చేలో తేలవచ్చు, బొక్క మన గట్టుకే ఉండవచ్చు. మాస్టారు నీరు తేలిన చోటు.

కోశాధికారి గారు మెయిల్ ఫోన్లోనే చూస్తారని రాశారు. మీ జిప్‌లో ఉన్నది విండోస్‌లో నడిచే జావాస్క్రిప్ట్ ఫైలు, ఫోన్లో అది నడవదు. కాబట్టి తూకం డాలస్ వైపు మొగ్గుతోంది. అలాగని ఇప్పుడు ఆయన మీద పడకండి, మాస్టారికి జరిగిందే ఆయనకూ జరుగుతుంది. పాస్‌వర్డ్ దొంగిలించడానికి ఫోన్ అడ్డు కాదు కాబట్టి ఇద్దరినీ ఒకేలా అడగండి. మెయిల్ పెట్టి అడగకండి, ఫోన్ చెయ్యండి. పెట్టె దొంగ చేతిలో ఉంటే మీ మెయిల్ ముందు చదివేది దొంగే. అక్కడ పగలు, ఇక్కడ రాత్రి, కాస్త ఆలస్యంగా మేలుకోవాల్సి వస్తుంది, తప్పదు.

ఫోన్‌లో వాళ్ళకు చెప్పాల్సింది ఇదీ. వైరస్ ఉందనుకున్న సిస్టమ్‌లో కాకుండా వేరే దాంట్లో కూర్చుని పాస్‌వర్డ్ మార్చాలి, లేకపోతే కొత్తదీ దొంగకే వెళుతుంది. అన్ని చోట్లా లాగౌట్ కొట్టాలి. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. ఆ తర్వాత చాలామంది మర్చిపోయేది, సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడాలి. వచ్చే ప్రతి మెయిల్ కాపీ ఇంకో అడ్రస్‌కి పోయేలా దొంగ ఒక లైను పెట్టి వెళ్ళిపోతాడు, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా అది చెక్కుచెదరదు. ఒక ఎగుమతి కంపెనీలో ఇదే జరిగింది. విదేశీ కొనుగోలుదారుకు వెళ్ళిన ఇన్వాయిస్‌లో బ్యాంకు ఖాతా నంబరు మారిపోయింది, డబ్బు ఎవరికో చేరింది. అకౌంట్స్ చూసే కుర్రాడి మీద అనుమానపడ్డారు. వాడు రోషపడి మానేసి వెళ్ళిపోయాక నన్ను పిలిచారు. యజమాని మెయిల్‌లోనే ఆరు నెలల నాటి ఫార్వర్డింగ్ లైను కూర్చుని ఉంది. కుర్రాడు మళ్ళీ రాలేదు.

జిప్ తెరిచినవాళ్ళ సంగతి. ఫోన్లో తెరిచినవాళ్ళకు ఏమీ కాదు. విండోస్‌లో తెరిచి లోపలి ఫైలు మీద రెండుసార్లు నొక్కినవాళ్ళు మాత్రం నెట్ తీసేసి, తెలిసినవాళ్ళకు చూపించుకోవాలి. ఇక్కడ మాస్టారికి చేసిన ఫార్మాట్ నిజంగా పనికొస్తుంది. ఆ ఫైలు పేరు చూశారా, ఇన్వాయిస్ డాట్ పీడీఎఫ్ డాట్ జేఎస్. విండోస్ అలవాటుగా చివరి తోకను దాచేస్తుంది కాబట్టి తెర మీద పీడీఎఫ్ అనే కనిపిస్తుంది. 'ఐ లవ్ యూ' కూడా టీఎక్స్‌టీ తోక వెనక వీబీఎస్ తోక దాచుకొచ్చింది. పాతికేళ్లయింది, ఆ సెట్టింగు ఇంకా అలాగే ఉంది. ఫైల్ ఎక్స్‌టెన్షన్లు చూపించమని ఒక్క టిక్కు పెట్టుకోండి, ఇంటిల్లిపాదికీ పెట్టించండి.

ఇక గ్రూపు. మీది మెయిల్‌మాన్ అనే, మెయిల్ గ్రూపులు నడిపే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. అది ఫ్రమ్ దగ్గర ఉన్న అడ్రస్ సభ్యుడిదా కాదా అని మాత్రమే చూసి లోపలికి వదులుతుంది. ఫ్రమ్ ఎవరైనా రాయవచ్చని పైన చెప్పాను కదా, కాబట్టి అది కాపలా కిందకు రాదు. ఈ పూటే ఎమర్జెన్సీ మోడరేషన్ ఆన్ చెయ్యండి, వారం పది రోజులు ప్రతి మెయిలూ మీ చేతి మీదుగా పోతుంది. కంటెంట్ ఫిల్టరింగ్‌లో రాత, బొమ్మలు తప్ప మిగతా ఎటాచ్‌మెంట్లు ఊడగొట్టమని పెట్టండి, ఇది శాశ్వతంగా ఉండనివ్వండి. పెళ్ళి శుభలేఖ, సంతాప సభ పాంప్లెట్ ఫొటోగా వస్తాయి, మీ గ్రూపుకు జిప్ అవసరం ఏ జన్మకీ రాదు. పాత మెయిల్స్ భద్రపరిచే చోట ఆ మూడూ ఉంటాయి, అక్కడ నుంచీ తీసెయ్యండి. మెయిల్ సర్వర్ చూసే అబ్బాయికి డీమార్క్ ఫెయిల్ అయి, రిజెక్ట్ చెయ్యమనో స్పామ్‌లో పెట్టమనో డొమైన్ యజమాని చెప్పినవాటిని పాటించమనండి. యజమాని ఏమీ చెప్పకపోయినా ఫెయిల్ అయినవాటిని కనీసం మీ ముందు ఆపి ఉంచమనండి.

ఈ డీమార్క్ ఏమిటని మీరు అడిగారు కాబట్టి రెండు మాటలు. ఎస్‌పీఎఫ్ అంటే, ఫలానా డొమైన్ ఉత్తరాలు ఫలానా పోస్టాఫీసుల నుంచే వస్తాయి అని డొమైన్ యజమాని అందరికీ కనిపించేలా బోర్డు పెట్టడం. డీకిమ్ అంటే ఉత్తరం మీద లక్క సీలు, దారిలో అక్షరం మారినా సీలు పగులుతుంది. డీమార్క్ ఆ రెంటినీ తెర మీద కనిపించే ఫ్రమ్‌తో ముడిపెట్టి, తేడా వస్తే ఏం చెయ్యాలో చెబుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద సంఖ్యలో మెయిల్స్ పంపేవాళ్ళకు (గూగుల్ లెక్కలో రోజుకు ఐదువేలు) ఈ మూడూ ఉండాల్సిందేనని గూగుల్, యాహూ పట్టుబట్టాయి.

మెయిల్ గ్రూపులకు మాత్రం ఇది మంచి పేచీ. మీ గ్రూపు ప్రతి మెయిల్ సబ్జెక్టు ముందు స్కూలు పేరు తగిలిస్తుంది, కింద రెండు లైన్లు అతికిస్తుంది. దాంతో సీలు పగిలింది. పంపేది మీ సర్వర్ కాబట్టి బోర్డు మీది పోస్టాఫీసూ కాదు. అంటే నిజమైన సభ్యుడు రాసినా దొంగ ఉత్తరంలాగే కనిపిస్తుంది. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డొమైన్‌కి 'తేడా ఉంటే తిప్పికొట్టండి' అని బోర్డు పెట్టగానే నేను చూసే ఒక కాలేజీ బ్యాచ్ గ్రూపులో వింత జరిగింది. యాహూ అడ్రస్ ఉన్న ఒకాయన రోజుకు నాలుగు సూక్తులు పంపేవాడు. జీమెయిల్ వాటిని తిప్పికొట్టేది. మెయిల్‌మాన్ ఆ బౌన్సులు లెక్కపెట్టి, ఏ పాపం ఎరుగని జీమెయిల్ సభ్యులకు మెయిల్స్ ఆపేసింది. పంపినవాడు బాగానే ఉన్నాడు, అందుకున్నవాళ్ళు ఊడిపోయారు. దానికి విరుగుడుగా మెయిల్‌మాన్‌లో ఫ్రమ్ మార్చే సెట్టింగు ఉంది. అది పెడితే 'ఫలానా వారు, గ్రూపు ద్వారా' అని గ్రూపు అడ్రస్‌తో వెళుతుంది. చూడ్డానికి కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది, అయినా పెట్టండి.

డీమార్క్ పాస్ అయింది కదా అని గుడ్డిగా నమ్మేసేది కూడా కాదు. డాలస్ ఆయన పెట్టెలోకే దొంగ దూరి అక్కడి నుంచే పంపితే అన్నీ పాస్ అవుతాయి, ముద్ర నిజం, సీలు నిజం. వాట్సాప్‌లో పెళ్ళి పిలుపు అనో చలాన్ అనో వచ్చే ఏపీకేలు (ఆండ్రాయిడ్ ఫోన్లో యాప్ ఎక్కించే ఫైళ్ళు) ఈ రకానివి. అక్కడ పంపినవారి నంబరు మార్చడం కుదరదు, కాబట్టి తెలిసినవాళ్ళ నంబరు నుంచి వస్తే వాళ్ళ ఫోనో వాట్సాపో దొంగ చేతిలో ఉన్నట్టు లెక్క. మెయిల్‌కి చెప్పిన సూత్రం దానికి వాడకండి, దానికి మెలిస్సా నాటి సూత్రమే.

కేసు పెడతానన్నాయనకు ఒక మాట చెప్పండి. ఐటీ చట్టంలో 66సీ, 66డీ ఇంకొకరి గుర్తింపును దొంగతనంగా వాడినవాడికి, వేషం కట్టి మోసం చేసినవాడికి. ఇక్కడ వేషం కట్టింది మాస్టారు కాదు, మాస్టారి వేషం ఇంకొకడు కట్టాడు. కేసంటూ పెడితే ఫిర్యాదుదారు మాస్టారే అవుతారు. తెరిచినవాళ్ళలో ఎవరికైనా డబ్బు పోయి ఉంటే మాత్రం వెంటనే 1930కి ఫోన్ చెయ్యమనండి, అక్కడ గంటలు కూడా లెక్కే.

గ్రూపుకు మీరు పంపాల్సింది పొడుగ్గా వద్దు, ఎవరూ చదవరు. ఇలా సరిపోతుంది: 'సభ్యులందరికీ నమస్కారం. మన మాస్టారి పేరుతో వచ్చిన మూడు మెయిల్స్ ఆయన పంపినవి కావు. ఆయన అడ్రస్‌ను ఎవరో దొంగతనంగా వాడుకున్నారు. ఆయన ఖాతాలో గానీ కంప్యూటర్‌లో గానీ ఏ తేడా లేదని చూసి నిర్ధారించుకున్నాం. ఆ జిప్ ఫైలును కంప్యూటర్‌లో తెరిచినవాళ్ళు నాకు ఫోన్ చెయ్యండి. మిగతావాళ్ళు ఆ మెయిల్ తీసేస్తే చాలు, దయచేసి ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకండి.' ఇది పంపేముందు మాస్టారికి ఫోన్‌లో చదివి వినిపించండి. డాలస్ పేరు, కోశాధికారి పేరు ఎక్కడా రానివ్వకండి.

ఇంకొకటి, ఫార్మాట్‌లో ఆయన ముప్ఫై ఏళ్ల లెక్కల నోట్సు పోయాయని రాశారు. పాత రకం హార్డ్‌డిస్కు అయితే ఆశ ఉంది. ముందు ఆ సిస్టమ్ వాడకం ఆపించండి, కొత్తగా ఏది రాసినా పాతదాని మీదే పడుతుంది. డిస్కు ఊడదీసి ఇంకో సిస్టమ్‌కి తగిలించి ఫొటోరెక్, రికువా లాంటి పోయిన ఫైళ్ళు వెతికే ప్రోగ్రాముతో వెతికిస్తే కొన్నైనా దొరకవచ్చు. ఎస్‌ఎస్‌డీ అయితే కష్టం, ఖాళీ అయిన చోటును అది తనే తుడిచేసుకుంటుంది. అదీ కాకపోతే మీ గ్రూపు పాత మెయిల్స్‌లో చూడండి. పదో తరగతి పరీక్షల ముందు ఆయన ఏటా నోట్సు స్కాన్ చేసి సభ్యుల పిల్లల కోసం గ్రూపులో పెట్టేవారని మీరే రాశారు. ఎటాచ్‌మెంట్లు ఊడగొట్టే సెట్టింగు ఇక మీదట వచ్చేవాటికే, పాతవాటిని ముట్టుకోదు. ఏ ఏటివి దొరికాయో చూసి రాయండి, మిగతావి ఎలా లాగాలో చెబుతాను.